సోల్డరింగ్ బల్ల: ఇయర్‌ఫోన్స్‌కి ఊడే వైరు

ప్రశ్న: మాస్టారూ, నా వైర్డ్ ఇయర్‌ఫోన్స్ సౌండ్ నాకు బాగా అలవాటైపోయింది. ఆ మోడల్ ఇప్పుడు మార్కెట్లో లేదు. ఈమధ్య ఎడమ వైపు సౌండ్ వస్తూ పోతూ ఉంది. వైరు ఊడదీసి మార్చుకునేలా సాకెట్లు పెట్టుకోవచ్చంటున్నారు. సోల్డరింగ్ కొంచెం వచ్చు. ఇంట్లోనే చేసుకోవచ్చా? ఎమ్‌ఎమ్‌సీఎక్స్ అనే గుండ్రటి సాకెట్ మంచిదా, రెండు పిన్నులదా?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: చేసుకోవచ్చు. అయితే అంతకంటే ముందు ఆ వైరు ఎక్కడ తెగిందో పట్టుకోండి. పాట పెట్టుకుని జాక్ మొదట్లో వైరును అటూ ఇటూ వంచి చూడండి. తర్వాత రెండుగా చీలే చోట, ఆఖర్న చెవిలో పెట్టుకునే ముక్క దగ్గర. నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం జాక్ దగ్గర తెగినవే. మీదీ అంతే అయితే సాకెట్ల ఊసు వదిలేయండి. తెగిన చోటికి కాస్త పైన, చెవి ముక్క వైపు కోసి కొత్త 3.5 మి.మీ. జాక్ వేస్తే పనైపోతుంది. మైకు ఉంటే నాలుగు భాగాల జాక్ తీసుకోండి: మొన ఎడమ, తర్వాతి రింగు కుడి, ఆ తర్వాతది గ్రౌండ్ (అన్నిటికీ ఉమ్మడి తీగ), ఆఖర్న వైరు వైపున ఉన్నది మైకు. ఇప్పుడు ఫోన్లలో నడుస్తున్న వరస ఇదే.

చెవి ముక్క దగ్గరే తెగిందనుకోండి, అప్పుడు సాకెట్‌కి అర్థం ఉంది. నా ఓటు రెండు పిన్నులదానికే. ఎమ్‌ఎమ్‌సీఎక్స్ గుండ్రంగా, చిన్నగా ముచ్చటగా ఉంటుంది, టక్కున పడుతుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఆ తిరగడమే దాని రోగం కూడా. తిరిగీ తిరిగీ లోపలి కాంటాక్టు వదులై కరకరలు మొదలవుతాయి. రెండు పిన్నులది కదలదు, గూడు చేసి కూర్చోబెట్టడం తేలిక. కొనేటప్పుడు సైజు చూసుకోండి. 0.78 మి.మీ., 0.75 మి.మీ. అని రెండున్నాయి. లావు పిన్నును సన్న సాకెట్లో దూరిస్తే సాకెట్ సాగిపోతుంది. వైరూ సాకెట్టూ రెండూ 0.78వే తీసుకోండి. మైకు కావాలంటే మైకున్న వైరే అడగాలి, మామూలు వైరు వేస్తే వైరు మీది మైకుతో మాట్లాడటం పోతుంది. జాక్‌లూ, అతకడానికి వాడే లెడ్డూ (సోల్డర్ తీగ), పేస్టూ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో చూసుకోవచ్చు. ఈ సాకెట్లకు మాత్రం ఆన్‌లైనే సులువు.

ఇక అసలు పని. చెవి ముక్క రెండు పెంకుల అతుకు దగ్గర హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వెచ్చబెట్టి, సన్న బ్లేడుతో నిదానంగా విప్పండి. చాలావాటిలో లాగినా ఊడకుండా వైరుకు లోపల చిన్న ముడి వేసి ఉంటుంది. తెగేది సాధారణంగా ముడికి బయట, కాబట్టి లోపలి తోక బాగానే ఉంటుంది. ఆ తోకను ఒక అంగుళం వదిలి కోసి, దానికే సాకెట్ అతకండి. డ్రైవర్ (లోపల సౌండ్ పుట్టించే చిన్న స్పీకర్) వెనక ఉండే రెండు లెడ్ చుక్కల జోలికి పోవద్దు. వెంట్రుక కంటే సన్నని కాయిల్ తీగలు అక్కడికే వచ్చి ఆగుతాయి. వేడికి అవి ఊడాయంటే ఇక ఆ ముక్కను బాగుచేసేవాళ్లు ఉండరు.

వైరు చీల్చగానే ఎరుపు, ఆకుపచ్చ, రాగి రంగు పోగులు కనిపిస్తాయి. ఎరుపు కుడి, ఆకుపచ్చో నీలమో ఎడమ, రాగి రంగు గ్రౌండ్ అనేది మామూలు పద్ధతి. కొన్ని కంపెనీలు సొంత పద్ధతి పెడతాయి కాబట్టి మల్టీమీటర్‌తో చూడందే నమ్మొద్దు. ఆ రంగు నిజానికి ఎనామిల్ పూత. అది ఉన్నంతసేపూ లెడ్ తామరాకు మీద నీళ్లలా జారిపోతుంది తప్ప అంటుకోదు. బ్లేడుతో గీకితే పోగులు తెగుతాయి. సోల్డరింగ్ ఐరన్ మొన మీద లెడ్ బొట్టు నిలబెట్టి, వైరు కొసను అందులో కొన్ని సెకన్లు ముంచి ఉంచండి. సన్నగా పొగ లేచి, పూత కాలి, కొస వెండిలా మెరుస్తుంది. అప్పుడు అంటుకుంటుంది. 25 వాట్ల మామూలు ఐరన్‌తోనూ అవుతుంది, కాస్త ఓపిక కావాలి. ఆ పొగ మంచిది కాదు, కిటికీ తెరిచి పెట్టుకోండి.

సాకెట్‌కి అతికేటప్పుడు కొత్త వైరు చివరి పిన్నులు అందులో దూర్చి ఉంచండి. ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు వంకర పోవు. ఐరన్ రెండు సెకన్లకు మించి ఆనకూడదు.

పెంకు మూసేముందు రెండు పరీక్షలు. మీటర్‌లో ఓమ్‌లు చూడండి. డబ్బా మీద 16 అనో 32 అనో వేసుంటుంది, దానికి దగ్గరగా చూపించాలి. మీటర్ ఆనించగానే చెవిలో చిటుక్కుమంటుంది కూడా. తర్వాత డప్పు దరువు గట్టిగా ఉన్న పాట ఒకటి పెట్టుకోండి. ఒక్కో చెవిలో విడిగా బాగుండి, రెండూ పెట్టుకోగానే దరువు పలచబడి, గొంతు మధ్యలో నిలవకపోతే ఒక వైపు ప్లస్సు మైనస్సు తారుమారయ్యాయన్నమాట. ఆ వైపు పిన్నులు తిప్పి గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. సరైన దిక్కున నెయిల్ పాలిష్ చుక్క పెట్టేయండి.

మూయడానికి అరాల్డైట్ వాడండి. ఫెవిక్విక్ లాంటి వాటి ఆవిరి తెల్లగా పొరకట్టి డ్రైవర్ పల్చటి పొర మీద పేరుకుంటుంది. పెంకుకు సూదిమొనంత గాలి రంధ్రం ఉంటుంది, అది పూడిందో, బేస్ మారిపోయి అలవాటైన సౌండ్ కాస్తా పోతుంది. మీరు ఇదంతా చేస్తున్నది ఆ సౌండ్ కోసమే కదా!

ప్రశ్న: ఊడే వైరుంటే వెండి పూత వైరు వేసుకోవచ్చని, సౌండ్ పెరుగుతుందని ఒక షాపులో చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మామూలు ఒక డ్రైవర్ ఇయర్‌ఫోన్స్‌లో మీ చెవికి తేడా తెలియదమ్మా. డ్రైవరే 16, 32 ఓమ్‌లు ఉంటుంది. ఒక మీటరు పొడవు వైరుకుండేది ఒక ఓమ్ అటూ ఇటూ. అందులో కొంత తగ్గితే ఒరిగేదేముంది? మెత్తగా, చిక్కు పడకుండా ఉండే వైరు కొనుక్కోండి. ఆ సుఖం మాత్రం రోజూ తెలుస్తుంది.

ప్రశ్న: నాది కంపెనీ నుంచే ఎమ్‌ఎమ్‌సీఎక్స్. తల తిప్పితే కుడి వైపు కరకర. వైరు మార్చాలా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: డబ్బు పెట్టేముందు వైర్లు కుడీ ఎడమా మార్చి తగిలించండి. కరకర ఎడమకు మారితే తప్పు వైరుది, అదే మార్చండి. కుడి ముక్కలోనే ఉండిపోతే సాకెట్‌లో మురికి. సాకెట్‌లో పట్టేంత సన్న పుల్లకు కొంచెం దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడిచి, ఆరాక పెట్టండి. అప్పటికీ పోకపోతే సాకెట్ వదులైందన్నమాట, మార్చక తప్పదు. ఇకమీదట ఊడదీసేటప్పుడు మెలితిప్పకుండా, వైరు పట్టుకోకుండా, కనెక్టర్‌ను గోళ్లతో పట్టి తిన్నగా లాగండి.