స్వర్ణముఖి వెంట నడవబోయే మా పాపకు

పాపా,

నువ్వు ప్రాజెక్టు కోసం స్వర్ణముఖి ఏటి వెంట నడుస్తావని, చంద్రగిరి నుంచి సముద్రం దాకా అక్కడక్కడా నీళ్లు పట్టి పరీక్ష చేస్తావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఆయన గొంతు నిండా గర్వమే. నాకు మాత్రం ముందు భయం వేసింది.

అందుకే మొదట ఇసుక గుంతల సంగతి చెప్తాను. ఏట్లో ఇసుక తీసి వదిలేసిన గుంతల దగ్గరికి పోవద్దు. నీళ్లు నిలిచి, పైన నాచు పట్టి, మోకాలి లోతే ఉన్నట్టు కనిపిస్తాయి. అంచు మీద కాలు పెడితే ఇసుక జారి లోపలికి లాగేస్తుంది. నాకు ఈత వచ్చు అత్తా అంటావేమో, ఈత వచ్చిన పిల్లలే ఆ గుంతల్లో పోయారు. సీసాకు తాడు కట్టి గట్టు మీద నుంచే ముంచు. తోడు లేకుండా అసలు బయలుదేరవద్దు. టోపీ, మంచినీళ్లు మీ అమ్మ ఎలాగూ సర్దుతుంది.

చంద్రగిరి దగ్గర మొదలుపెట్టడం ఏం తెలివి? ఏరు పుట్టేది పాకాల దగ్గరి కొండల్లో. ఊళ్ల మురుగు కలవని నీళ్లు ముందు చూడకపోతే, కింద నీళ్లు ఎంత చెడ్డాయో దేంతో పోల్చి చెప్తావు? తొండవాడ దగ్గర భీమా, కల్యాణి వచ్చి కలుస్తాయి, అక్కడ రెండో సీసా పట్టు. కల్యాణి మీద 1977లో డ్యాం కట్టాక ఆ నీళ్లు చాలావరకు తిరుపతి, తిరుమల కుళాయిల్లోకే పోతున్నాయి. అవే మురుగై, ఊరు దాటాక మళ్లీ ఏట్లో కలుస్తున్నాయి. కాలువ వచ్చి పడే చోటే సీసా ముంచవద్దు, కొంత కిందికి పోయి, బాగా కలిసిపోయిన చోట పట్టు. శ్రీకాళహస్తిలో గుడికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి పట్టు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లెక్కకు రసాయనాలు అక్కడికక్కడే కలపాలి, ఇంటికొచ్చి కలిపితే దండగ. క్రిముల పరీక్ష సీసా ఐసులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చు. స్నానానికి పనికొచ్చే నీళ్లలో బీఓడీ, అంటే మురుగును తినే క్రిములు వాడుకునే ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. తిరుపతి దిగువన ఎంత వచ్చినా కంగారుపడక ఇంకోసారి చేసి చూడు. ల్యాబులో పనిచేసినన్నాళ్లూ నేను చేసింది అదే.

మురుగు సంగతి అందరూ రాస్తారు, నువ్వూ రాయి. కానీ ఇసుక సంగతి వదిలేస్తే మాత్రం ఊరుకోను. ఎందుకో చెప్తాను.

తిరుచానూరు దిగువన మన కయ్యలు ఏటి గట్టునే ఉండేవి. ఊటకాలువ కింద వరి, అయిదు మట్ల లోతు బావి కింద చెరుకు వేసేవాళ్లం. ఎండాకాలం ఏరు ఎండినట్టే ఉండేది కానీ, ఇసుకలో చేత్తో చెలమ తీస్తే కడవ నిండేది. ఏరు ఇసుక కిందనే పారేది. వాననీళ్లను పట్టి ఉంచి, వడగట్టి, మెల్లగా బావుల్లోకి వదిలేది ఆ ఇసుకే. ఒక ఏడు బెల్లం ధర పడిపోయింది. అదే సమయానికి మీ నాయన కాలేజీ ఫీజు. మన కయ్య గుండా ట్రాక్టర్లకు దారి ఇస్తే లోడుకు ఇంత ఇస్తామని ఎవరో వచ్చారు. మీ తాత ఒప్పుకున్నాడు. ఒక్క ఎండాకాలమే అన్నాడు. అవ్వ రెండు రోజులు అన్నం తినలేదు. ఆ ఎండాకాలం అయిపోయినా దారి మాత్రం మూతపడలేదు. పగలు పోయే ట్రాక్టర్లు రాత్రి పోవడం మొదలైంది. ఏటి మట్టం మన కళ్ల ముందే దిగిపోయింది, అడుగున బంకమట్టి తేలింది. ముందు ఊటకాలువ ఆగింది, తర్వాత బావి. వానలు సరిగ్గా లేవని మీ తాత చివరిదాకా అంటూనే ఉన్నాడు. బాగా పడిన ఏడు కూడా బావిలోకి నీళ్లు రాలేదు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే సముద్రానికి పోయాయి. 2002లో నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం వచ్చేసరికి మాకు కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. చెరుకు కయ్య బీడైంది, సర్కారు తుమ్మ మొలిచింది.

మీ నాయన ఇది నీకు చెప్పి ఉండడు. ఆ డబ్బుతోనే ఆయన డిగ్రీ అయింది. అడిగి బాధపెట్టవద్దు, ఆయన తప్పేం లేదు.

కాబట్టి ఊళ్లలో ఇసుక ఎవరు అమ్మారని అడగవద్దు. అడిగితే తలుపులు మూసుకుంటారు, పైగా నీకు ప్రమాదం. మీ బావి ఎప్పుడు ఎండింది, అప్పట్లో ఎన్ని మట్లు, ఇప్పుడు బోరు ఎన్ని అడుగులు అని అడుగు. పెద్దవాళ్లు కూర్చోబెట్టి మరీ చెప్తారు. గుడిమల్లంలో ఆగు. అక్కడ గర్భగుడి నేలమట్టం కన్నా కిందికి ఉంటుంది, ఏటి నీళ్లు భూమిలోంచి లోపలికి ఊరతాయని చెప్తారు. శివుడికి దణ్ణం పెట్టి, పక్కనున్న బోర్ల లోతు కూడా రాసుకో.

కార్తీకంలో మాత్రం బయలుదేరవద్దు. మనకు పెద్ద వానలు ఈశాన్యం నుంచే. 2021 నవంబరులో చూశావు కదా, ఎండిన ఏరే గట్లు తెంచుకుంది, రాయలచెరువు ఎక్కడ తెగుతుందోనని ఊళ్లే ఖాళీ చేయించారు. సంక్రాంతి దాటాక ఒకసారి, మే నెలలో ఒకసారి నడువు. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితేనే మీ సారుకు అర్థమవుతుంది.

తిరుచానూరు దాటిన రోజు రాత్రి మన ఇంట్లోనే పడుకో, ఉలవచారు చేస్తాను. పొద్దున మన బోరు నీళ్లూ ఒక సీసా పట్టుకో. మామ మోటారు వేస్తాడు. పైపులో నిలవ నీళ్లన్నీ పోయేదాకా ఆగి పట్టు. నైట్రేటు తప్పక చూడు, లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ముందు నాకు ఫోన్ చెయ్, పక్కింట్లో నెలల పిల్లవాడికి అవే నీళ్లతో పాలు కలుపుతున్నారు.

మీ అత్త