ముసురు రోజుల్లో మనసు కుంగినప్పుడు ప్రకృతి రచనలు ఎలా చదవాలి?

నవంబరు నుంచి ముసురు, ఇంట్లో చిక్కులు, ప్రకృతి పుస్తకాలు చదివితే ఊరట అంటే మొదలుపెట్టానని, నాలుగు పేజీలకే మళ్ళీ దిగులు కమ్ముతోందని మీరు రాశారు. ఉండేది నెల్లూరు అన్నారు.

పొరపాటు చాలాసార్లు పుస్తకం ఎంచుకోవడంలోనే జరుగుతుంది. ప్రకృతి అనగానే వర్ణనలు దట్టంగా ఉన్నది తీసుకుంటాం. కుంగిన మనసుకు వర్ణన ఎక్కదు, వివరం ఎక్కుతుంది. ఫలానా కొంగ ఏం తింటుంది, దాని ముక్కు అలా ఎందుకుంది, గూడు నీళ్ళ మధ్య చెట్టు మీదే ఎందుకు కడుతుంది? ఇలాంటి వాక్యం తగిలితే మనసు తన గోల కాసేపు పక్కన పెట్టి, నిజమో కాదో చూద్దామని కిటికీ దాకా వస్తుంది.

కాలం కూడా కలవాలి. మంచు దిబ్బలు, మోడు చెట్లు ఉన్న శీతాకాలం మనది కాదు. నెల్లూరు, ప్రకాశం తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, వెంట వాయుగుండాలు. పొద్దున పూట మంచు పట్టేది సంక్రాంతి దగ్గరపడ్డాకే. అందుకని ముసురు పట్టినన్నాళ్ళు అడవి, చెట్ల మీద రాసినవి చదవండి. పిట్టల పుస్తకాలు తెరిపి ఇచ్చాక తీయండి, చదివింది వెళ్ళి చూసుకోవచ్చు.

ముసురుకి నా సలహా 'వనవాసి'. సూరంపూడి సీతారాం తెనిగించిన బెంగాలీ నవల. కలకత్తా కుర్రాడొకడు బీహారు అడవుల్లో ఎస్టేటు మేనేజరుగా వెళతాడు. ఒక్క జాగ్రత్త: ఆ అడవిని కౌళ్ళకిచ్చి నరికించే పని కూడా అతనిదే. చివరి భాగం గుండె బరువెక్కిస్తుంది, ఇప్పుడు వద్దు. యుగళప్రసాద్ అనే మనిషి ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు, విత్తనాలు తెచ్చి అడవిలోని కుంట ఒడ్డున నాటుతుంటాడు, తనకేమీ రాదని తెలిసి కూడా. ఆ పేజీల దగ్గర గుర్తు పెట్టుకోండి. పదిసార్లు చదివినా అరగవు.

రోజుకు ఆరేడు పేజీలు, 20 నిమిషాలు చాలు. పొద్దున్నే, వెలుతురు పడే చోట కూర్చుని చదవండి. రాత్రయితే అలసిన కళ్ళు వరసలు దాటేస్తాయి, ఆ సందుల్లో దిగులు దూరుతుంది. ఫోన్లో అసలే వద్దు. తుఫాను రోజుల్లో ఫోన్ తెరిస్తే ముందు హెచ్చరికలే కనబడతాయి, పైగా కరెంటు పోతే ఛార్జింగు దాచుకోవాలి.

చదివాక ఐదు వరసలు రాయండి. చాలామంది ఇది వదిలేస్తారు, అసలు మందు ఇదే. 100 పేజీల రూళ్ళ నోటుపుస్తకం, ఒక పెన్సిలు తీసుకోండి. జెల్ పెన్ను పనికిరాదు, తేమకు కాగితం మెత్తబడి సిరా పాకుతుంది. తేదీ, గంట, గాలి ఎటు నుంచి, ఒక ప్రాణి, ఒక లెక్క, మీకు తెలియనిది ఒకటి. ఇలా:

"డిసెంబరు 9, ఉదయం 7.10. మబ్బు. ఈశాన్యం గాలి. మునగచెట్టు కింద గుడ్డికొంగ. 11 నిమిషాలు కదల్లేదు. కూర్చుంటే మట్టిరంగు, ఎగిరితే రెక్కలు తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపంతా ఎలా దాస్తుంది?"

"అందంగా ఉంది" అని రాయకండి. ఆ మాట పడగానే చూపు ఆగిపోతుంది. కష్టాలు ఈ పుస్తకంలోకి రానివ్వద్దు, వాటికి ఇంకో పుస్తకం పెట్టుకోండి. కలిపేస్తే వారం తిరిగేసరికి కొంగ పోయి అప్పులే మిగులుతాయి. ఒక రోజు తప్పితే ఆ చోటు ఖాళీగా వదిలేయండి.

ఇంకొకటి. రెండు వారాలైనా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, ఎప్పుడైనా బతకాలనిపించకపోయినా పుస్తకాలతో ఆగకండి. డాక్టరును కలవండి, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన సహాయ లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

తెరిపి ఇచ్చాక ఊరు దాటి, నాట్లు వేసిన కయ్యల గట్టున ఉదయం తొమ్మిదిలోపు నిలబడండి. నత్తగుల్ల కొంగ కనబడితే ముక్కు చూడండి. మూసినా మధ్యలో సందు ఉంటుంది, అవతలి వెలుతురు కనబడుతుంది. నత్తలు తినే ముక్కది. కొంగ పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది.

జనవరిలో ఒక్కసారి నేలపట్టు పక్షుల చెరువుకు వెళ్ళిరండి. 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ నెల్లూరు నుంచి ఒక్క పూట పని. ఫ్లెమింగో పండగ రోజులు తప్పించండి, జనం ఎక్కువ. గూడబాతులు అక్కడ నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు కడతాయి, కింద నీళ్ళుంటే పిల్లలను తినే జంతువులు చెట్టెక్కలేవు కాబట్టి. వాన చాలని ఏడు గూళ్ళు తగ్గుతాయి. మీరు కిటికీలోంచి చూస్తున్న ముసురే ఆ చెరువును నింపేది. వెళ్ళేటప్పుడు నోటుపుస్తకంలో తెలియనివని రాసుకున్న వాటిలో మూడు చీటీ మీద ఎక్కించుకుని, జేబులో పెట్టుకోండి.