డంబెల్ దించడమూ వ్యాయామమే

ప్రశ్న: నా వయసు 46. బీపీకి మాత్ర వేసుకుంటున్నా, అదుపులోనే ఉంది. ఈమధ్యే జిమ్‌లో చేరాను. డంబెల్‌ను ఎత్తాక నెమ్మదిగా దించమని ట్రైనర్ పట్టుబడుతున్నారు. అలా చేస్తే రెండో రోజుకు చేతులు విపరీతంగా నొప్పి పుడుతున్నాయి. గోడకుర్చీ, ప్లాంక్ (బోర్లా ఉండి మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని కదలకుండా నిలపడం) కూడా వేయిస్తున్నారు. కదలకుండా ఉంటే కండరం ఎలా బలపడుతుంది?
- ఓ పాఠకుడు

జవాబు: మీ ట్రైనర్ మాట వినండి. మోచేయి మడిచి డంబెల్ ఎత్తేటప్పుడు బైసెప్స్ కండరం కురచవుతూ పనిచేస్తుంది. దీన్ని కాన్‌సెంట్రిక్ అంటాం. దించేటప్పుడూ పని దానిదే. బరువు ఒక్కసారిగా జారిపోకుండా పట్టి ఉంచుతూ మెల్లగా సాగుతుంది. ఇది ఎసెంట్రిక్. చాలామంది ఎత్తేటప్పుడు పళ్లు బిగించి, దించేటప్పుడు చేయి వదిలేస్తారు. సగం వ్యాయామం అక్కడే పోతుంది! కండరం ఎత్తగలిగే దానికన్నా ఎక్కువ బరువును సాగుతూ ఆపగలదు. పైగా అందుకు ఖర్చయ్యే శక్తీ తక్కువే. మెట్లు ఎక్కితే వచ్చేంత ఆయాసం దిగితే రాదు కదా. కానీ అలవాటు లేనివాళ్లు బోలెడన్ని మెట్లు దిగితే మర్నాడు తొడలు పట్టేస్తాయి. మీ నొప్పీ ఆ బాపతే. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి, వారంలోపు పోతుంది. బరువు కాస్త తగ్గించి, అదే కండరానికి 48 గంటలు విరామమిస్తూ చేయండి. కొద్ది రోజుల్లో అలవాటు పడుతుంది. చేతులు బాగా వాచినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా మాత్రం అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక గోడకుర్చీ. బళ్లో శిక్షగా వేసినప్పుడు తొడలు వణికాయంటే కండరం ఊరుకోలేదనే అర్థం. కీలు కదలదు, కండరం పొడవు మారదు, లోపలి పోగులు మాత్రం బిగుసుకుని ఒంటి బరువును మోస్తూనే ఉంటాయి. ఇది ఐసోమెట్రిక్. కీలు కదిలిస్తే నొప్పి పుట్టేవారికి ఇలాంటివి బాగా పనికొస్తాయి. కాకపోతే ఏ కోణంలో చేస్తే ఎక్కువగా ఆ కోణం దగ్గరే బలం వస్తుంది. అందుకే ఇదొక్కటే చాలదు.

మీరు జాగ్రత్త పడాల్సిందీ ఇక్కడే. బిగిసిన కండరం రక్తనాళాలను నొక్కటంతో ఆ కాసేపు బీపీ పెరుగుతుంది. ఊపిరి బిగబడితే ఇంకా ఎక్కువవుతుంది. మానక్కర్లేదు గానీ, 10-15 సెకన్లతో మొదలుపెట్టండి. అంకెలు పైకే లెక్కపెట్టండి, ఊపిరి దానంతటదే ఆడుతుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగటం ఉంటే వెంటనే ఆపేయాలి. విశ్రాంతిలో ఉన్నప్పుడే బీపీ 180/110 దాటితే బరువుల జోలికి పోకుండా ముందు మీ డాక్టర్‌ను కలవండి.