ఆ పేషెంటును నాకు మార్చారు

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఒక ఆసుపత్రిలో నైట్ షిఫ్ట్ నర్సుని. మాది గుంటూరు. నేను చేరిన కొత్తలో ఇక్కడి పద్ధతులన్నీ దగ్గరుండి నేర్పింది ఒక నల్లజాతి నర్సు. పోయిన నెల ఒక పేషెంటు ఆవిణ్ని ‘నన్ను ముట్టుకోవద్దు, ఇంకో నర్సుని పంపించండి’ అన్నాడు. గొడవెందుకని చార్జ్ నర్సు (షిఫ్ట్ ఇన్‌చార్జి) ఆయన్ని నాకు మార్చింది. అప్పట్నుంచి ఆవిడ బ్రేక్ రూముకి రావడం లేదు. తెల్లవారుజామున మూడింటికి పార్కింగులో కారులో కూర్చుంటోంది. టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్తోంది. అడిగితే ‘ఐయామ్ ఫైన్’ అంటుంది. నేనేం చేయగలను మేడమ్?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘ఆయన్ని నాకు మార్చింది’ అన్న చోటే ఆగిపోయాను. తొంభైల్లో మిషిగన్‌లో నాకూ అలాగే మార్చారు. చార్టు తీసుకుని గదిలోకి వెళ్లి నవ్వుతూ ‘గుడ్ ఈవినింగ్’ చెప్పాను. బయటికొచ్చేసరికి నా సహోద్యోగి నర్సింగ్ స్టేషన్ దగ్గర చేతులకి లోషన్ రాసుకుంటోంది. రాసిందే మళ్లీ రాసుకుంటోంది. వీసా మీదున్నాం, మనకెందుకులే అనుకున్నాను. రెండు నెలలకి ఆవిడ మానేసింది. చాలా ఏళ్ల తర్వాత ఫోన్లో, ‘ఆ ముసలాయన మొహం కూడా గుర్తులేదు, మీరెవరూ నా వంక చూడకపోవడం గుర్తుంది’ అంది.

కాబట్టి ముందు ఆ రాత్రి సంగతి మీరే ఎత్తండి. ‘నేను మాట్లాడాల్సింది, మాట్లాడలేదు, సారీ’ అంటే చాలు, సంజాయిషీలు వద్దు. ‘పట్టించుకోకు’, ‘మమ్మల్నీ అంటారు’ వద్దు. ‘నువ్వు చాలా స్ట్రాంగ్’ అసలే వద్దు. ఆ పొగడ్త వెనకాలే గొడవ పేషెంట్లందరినీ ఆవిడకే అంటగట్టడం నేను ఎన్నిసార్లు చూశానో.

అతిగా ఫీలవుతోందని యూనిట్‌లో ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి. వృత్తిలో వివక్ష ఎదురై అమెరికాలో నల్లజాతి నర్సులు 1908లోనే సొంత సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ అన్యాయంలో తన పాత్రను ఒప్పుకుంటూ అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ క్షమాపణ చెప్పింది 2022లో! అదే ఏడాది, నర్సింగ్‌లో జాతి వివక్షపై ఏర్పడిన జాతీయ కమిషన్ సర్వేలో నల్లజాతి నర్సుల్లో నూటికి 92 మంది పనిచోట జాతి వివక్ష ఎదుర్కొన్నామన్నారు. నర్సులు వేలెత్తి చూపింది పేషెంట్లనే కాదు, తోటి నర్సుల్ని, మేనేజర్లని కూడా. (మనవాళ్ల విందు పార్టీల్లో ‘నల్లోళ్లు’ అని చులకనగా అనే మాట మీరూ వినే ఉంటారు. అక్కడ కూడా నోరు విప్పండి.)

కౌన్సెలింగ్ అంటే ఆవిడ జంకవచ్చు. లైసెన్సు మీదికి వస్తుందని చాలామంది నర్సుల భయం. ఆ టెన్షన్ ఉంటే మీ రాష్ట్ర నర్సింగ్ బోర్డు లైసెన్సు రెన్యువల్ ఫారంలో ఏం అడిగారో ఇద్దరూ కలిసి చదవండి, ఊహించుకోకండి. చాలా ఆసుపత్రుల్లో ఉద్యోగుల సహాయ పథకం, అదే ‘ఈఏపీ’, ఉంటుంది. కొన్ని సిట్టింగులు ఉచితం, చెప్పినవి మామూలుగా మేనేజరుకి చేరవు. నల్లజాతి కౌన్సెలరే కావాలని అడగవచ్చు. ప్రతిదీ మొదట్నుంచీ వివరించే పని తప్పుతుంది. 1971లో పుట్టిన నేషనల్ బ్లాక్ నర్సెస్ అసోసియేషన్‌కి స్థానిక శాఖలున్నాయి, ఆవిడకి తెలిసే ఉండవచ్చు. బతకాలని లేదన్న ధోరణి కనిపిస్తే మాత్రం సూటిగా అడగండి, ఒంటరిగా వదలకండి, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టినా పలుకుతారు, రాత్రీ పగలూ.

ఇంకోసారి ఇలా మార్చబోతే, ‘ముందు ఆయనన్న మాటలు ఉన్నవున్నట్టు రిపోర్టులో రాద్దాం’ అని చార్జ్ నర్సుతో అనండి. మీ సహోద్యోగి పేరు రాసేముందు ఆవిణ్ని అడగండి.

ఇక ఈ రాత్రి మూడింటికి ఆవిడ కిందికి బయల్దేరేటప్పుడు, ‘నీ పేషెంట్లని నేను చూస్తా, అరగంట దాకా రాకు’ అని చెప్పి, ఆవిడ జేబులోని, పేషెంట్ల కాల్స్ వచ్చే యూనిట్ ఫోన్ మీరు తీసుకోండి.