లాప్‌టాప్ ట్రాక్‌ప్యాడ్ పైకి లేచింది, క్లిక్ పడట్లేదు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ సమస్యా?

కాదండీ. క్లిక్ గట్టిపడి, ప్యాడ్ ఒక అంచు లేచి, మూత కూడా సరిగ్గా పడట్లేదంటే చాలావరకు బ్యాటరీ ఉబ్బినట్టే. ఎక్కువ లాప్‌టాప్‌లలో అది ట్రాక్‌ప్యాడ్ కిందే ఉంటుంది. లిథియం సెల్ పాతబడినా, రోజంతా చార్జర్‌కే తగిలించి వేడిలో ఉంచినా లోపలి ఎలక్ట్రోలైట్ విడిపోయి గ్యాస్ పుడుతుంది. పలచటి రేకు సంచి పూరీలా పొంగి ప్యాడ్‌ని పైకి నెడుతుంది.

బెంగళూరు మారతహళ్లి పీజీలో నాదీ ఇలాగే అయింది. మూడుసార్లు డ్రైవర్ మార్చాను, దండగ. చివరికి బల్ల మీద పెడితే లాప్‌టాప్ ఒక మూలకి ఊగింది. అప్పుడు వెలిగింది బుర్ర!

వెంటనే చార్జర్ తీసి షట్‌డౌన్ చేయండి. ప్యాడ్‌ని లోపలికి నొక్కొద్దు. సూదితో గ్యాస్ తీద్దామనే ఆలోచన అసలే వద్దు, భగ్గుమంటుంది. పరుపు మీద కాకుండా గచ్చు మీద ఉంచండి. డేటా గురించి టెన్షన్ పడకండి, అది ఎస్‌ఎస్‌డీ అనే స్టోరేజ్ డ్రైవ్‌లో ఉంటుంది, బ్యాటరీలో కాదు.

వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. లేకపోతే బెంగళూరులో అయితే ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగొచ్చు. లాప్‌టాప్ మోడల్ ఒక్కటే చెబితే చాలదు, పాత బ్యాటరీ మీది పార్ట్ నంబర్‌తో పోల్చి చూసుకోండి. సగం ధరకి ఇస్తామంటే నేనైతే కొనను. చాలాసార్లు ప్యాడ్ మార్చక్కర్లేదు, బ్యాటరీ తీయగానే క్లిక్ దానంతటదే వస్తుంది. పాతదాన్ని చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి. కొత్తదానికి సెట్టింగ్స్‌లో 80 శాతం చార్జింగ్ లిమిట్ ఉంటే పెట్టుకోండి.