నగరాల పక్కన డీజిల్ పవర్ ప్లాంట్లు ఎందుకు పెట్టారు? మన బరంపురానికి ఒకటి ఉంటే తుఫానుకి పనికొస్తుందా?

1990లలో కరెంటు కొరత ఎక్కువ. బొగ్గు ప్లాంటు కట్టాలంటే ఏళ్లు పడుతుంది. డీజిల్ ఇంజన్లు తొందరగా బిగించవచ్చు, స్థలం తక్కువ చాలు, సాయంత్రం లోడు పెరగ్గానే నిమిషాల్లో అందుకుంటాయి. బెంగళూరు పక్కన యలహంక, కొచ్చి పక్కన బ్రహ్మపురం అలా వచ్చినవే. పేరుకు డీజిల్ ప్లాంట్లే గానీ, వాటిలో ఎక్కువగా కాల్చింది చిక్కటి చవక నూనె; వేడి చేస్తే తప్ప పైపులో కదలదు.

ఆ నూనె ధర పెరిగేసరికి యూనిట్ ఖర్చు మోయలేనిదైంది. మామూలు జనరేటర్ లెక్కే చూడండి: లీటరు డీజిల్‌కు మహా అయితే 3-4 యూనిట్లు. లీటరు 90 రూపాయలనుకున్నా, ఒక్క ఇంధనానికే యూనిట్‌కు 22 నుంచి 30 రూపాయలు అవుతుంది. పైగా పొగ, చప్పుడు.

ఇక తుఫాను సంగతి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురంలో కరెంటు పోయింది ఉత్పత్తి లేక కాదు. స్తంభాలు ఒరిగి, తీగలు తెగి రోడ్ల మీద పడ్డాయి. ఊరి పక్కన ప్లాంటు ఉన్నా ఆ కరెంటు ఇంటికి వచ్చే దారేది? అప్పుడు ఆదుకునేది ఎక్కడికక్కడ ఉండే జనరేటర్లే: ఆసుపత్రిలో ఒకటి, నీళ్ల పంపు దగ్గర ఒకటి, సెల్ టవర్ కింద ఒకటి. నన్నడిగితే ప్లాంటుకు పెట్టే డబ్బుతో గంజాం తీరంలో భూగర్భ కేబుళ్లు వేయడం మేలు.