ఆలిస్ సినిమాలోని కవలలు పుస్తకంలో ఎందుకు కనిపించరు?

విశాఖ ఎంవీపీ కాలనీలో మీ పాపకు చదివి వినిపిస్తున్న 1865 నాటి ఆలిస్ పుస్తకంలో, 1951 నాటి డిస్నీ సినిమాలోని కవలల జంట గానీ మాట్లాడే పూలు గానీ ఎక్కడా కనిపించలేదని అడిగారు. లూయిస్ కారల్ 1871లో వెలువరించిన రెండో ఆలిస్ పుస్తకం నుంచి వాటిని తీసుకుని, రెండు కథలనూ ఒకే చిత్రంగా కలిపారు. పాటల్లో ఈ కలయిక నాకు మరింత ముచ్చటగా తోస్తుంది: పుట్టినరోజు కాని మిగతా 364 రోజుల్లోనూ కానుకలు పుచ్చుకోవచ్చన్న ఊహ రెండో పుస్తకంలో గోడమీద కూర్చున్న హంప్టీ డంప్టీది కాగా, సినిమాలో దాన్ని తేనీటి విందు దగ్గర టోపీలవాడు, కుందేలు కలిసి పాటగా అందుకుంటారు. సినిమాలో చెషైర్ పిల్లి పాడే వింత పద్యమూ రెండో పుస్తకంలోదే; ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే పాప దాన్ని గుర్తుపట్టగలదు.